మందు కవరు మీద కంచం బొమ్మ: నా అనుభవం

మాత్రలు వేసి ఇచ్చే కాగితపు కవర్ల మీద ముద్రించడానికి గుర్తులు గీసే పని నాకు అప్పగించారు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, భోజనానికి ముందు, భోజనం తరువాత, నమలకుండా మింగాలి అనే ఆరు సూచనలు చదువు రాని వారికి కూడా తెలియాలి. 1951-52 నాటి తొలి సాధారణ ఎన్నికల నుంచీ గుర్తు చూసి ఓటు వేస్తున్న మన జనానికి ఇదేమంత కష్టమని మొదట అనుకున్నాను. కానీ ఎన్నికల గుర్తు ఎవరిదో ముందుగా ఊరంతా చాటుతారు కాబట్టి ఓటరు దాన్ని పోల్చుకుంటే చాలు. కవరు మీది గుర్తు మాత్రం, ఎవరూ వివరించకుండానే, ఏం చేయాలో తానే చెప్పాలి. ఒక మండల కేంద్రంలోని ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ పక్కన కూర్చున్నాకే ఈ తేడా నాకు తెలిసివచ్చింది.

మొదటి పూట నేను అడిగిన తీరే తప్పు. బొమ్మ చూపించి "అర్థమైందా అమ్మా?" అంటే, నన్ను నొప్పించడం ఇష్టం లేక అందరూ తల ఊపారు. మధ్యాహ్నం నుంచి కవరు చేతికిచ్చి, "ఇంటికి వెళ్లాక దీన్ని ఎప్పుడు వేసుకుంటారు?" అని అడిగి, వారి మాటలను ఉన్నవి ఉన్నట్లు రాసుకున్నాను.

"భోజనం తరువాత"కు ఖాళీ కంచం, పక్కన ఒక మాత్ర గీశాను. ఒక మామ్మగారు దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "కంచంలో ఏమీ లేదు కదా నాయనా, పరగడుపున వేసుకోమని" అన్నారు. తరువాత మరో ముగ్గురు అదే మాట అన్నారు. ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలను కడుపులో మంట రాకుండా ఏదైనా తిన్నాకే వేసుకోమంటారు. నా బొమ్మ సరిగ్గా దానికి విరుద్ధంగా చెబుతోంది. అమెరికాలో భద్రతా గుర్తులకు పాటించే ఆన్సీ జెడ్535.3 ప్రమాణం ప్రకారం 85 శాతం మంది సరైన అర్థం చెప్పాలి, తలకిందులుగా అర్థం చేసుకునేవారు 5 శాతం మించకూడదు. ఈ రెండో అంకె ఎందుకంత ముఖ్యమో నాకు ఆ రోజే బోధపడింది. అర్థం కాని వ్యక్తి ఎవరినైనా అడుగుతాడు, తప్పుగా అర్థమైన వ్యక్తి అడగడు.

మరి ఎలా గీయమంటారని మామ్మగారినే అడిగాను. "తిన్నాక కంచంలోనే చెయ్యి కడుగుతాంగా, అది వెయ్యి" అన్నారు. అలాగే గీస్తే పెద్దవారు వెంటనే పోల్చుకున్నారు కానీ, కొందరు కుర్రవాళ్లు చేతులు కడుక్కుని మాత్ర వేసుకోమని చదివారు. అప్పుడు కంచం అంచున నమిలిన ములక్కాడ పిప్పి, ఒక కరివేపాకు రెబ్బ చేర్చాను. బొటనవేలి గోరంత సైజులో ముద్రించేసరికి కరివేపాకు మచ్చలా అలుక్కుపోవడంతో దాన్ని తీసేసి పిప్పిని మాత్రమే ఉంచాను. ఈసారి పెద్దలూ కుర్రవాళ్లూ కూడా "తిన్నాక" అనే అన్నారు.

భోజనానికి ముందు అనడానికి అన్నం వడ్డించిన కంచం సరిపోయింది. ఉదయానికి గీసిన కొండల మధ్య సూర్యుణ్ణి కొందరు సాయంత్రమన్నారు. మూడు పూటల బొమ్మలనూ ఒకే వరుసలో పేర్చాక ఆ అనుమానం పోయింది. "నమలకుండా మింగాలి" అన్నది మాత్రం ఎన్ని రకాలుగా గీసినా పరీక్షలో నెగ్గలేదు. దాన్ని కవరు మీద నుంచి తీసేయించాను. ఆ మాటను ఇప్పుడు ఫార్మసిస్టు మాత్ర చేతిలో పెడుతూ నోటితోనే చెబుతున్నారు.