గడ్‌సర్ కనుమ దగ్గర

సోన్‌మర్గ్ నుంచి నారానాగ్ దాకా, కశ్మీర్ సరస్సుల మధ్య ఏడు రోజుల నడక. మా గుంపులో పద్నాలుగు మందిమి, అందరం కాలేజీ పిల్లలమే. గడ్‌సర్ కనుమ దాదాపు 4,200 మీటర్ల ఎత్తు. వరంగల్ ఎండల్లో పెరిగినదాన్ని, నాలుగడుగులకే ఆయాసం. రాత్రి వానకు తడిసిన బ్యాగు పట్టీ ఒరుసుకుని భుజం మండిపోతోంది. ఎక్కగలనా అని ఒకటే టెన్షన్.

"అక్కా, ఒకసారి వెనక్కి చూడు" అంది చెల్లి.

కింద రెండు సరస్సులు. వాటిలో పైది కిషన్‌సర్, దాని నీళ్లు దిగి కలిసే విషన్‌సర్. ఒకటి నెమలికంఠం రంగు, ఇంకొకటి ముదురాకుపచ్చ. కళ్లు చెమర్చాయి.

హర్ముఖ్ కొండ కింద గంగాబల్ సరస్సు కూడా అందమే, కానీ నా మనసు ఇక్కడే ఉండిపోయింది. అమ్మ కట్టిచ్చిన సున్నుండ ఒకటి గుర్రాలు తోలే పెద్దాయనకిచ్చాను. ఆయన సగం తుంచి గుర్రానికి పెట్టాడు.