పూతకు ముందే జరిగే మార్పు

పంట మొక్కల్లో దశ మార్పు అనగానే అందరి దృష్టీ పూత మీదికే పోతుంది. అయితే ఇంకా ఆకులు మాత్రమే వేస్తున్న కాలంలోనే మొక్క బాల్యదశ దాటి ప్రౌఢదశలోకి వస్తుంది. పూత గురించి ఎంతో రాసేవారు కూడా ఈ తొలి మలుపును రెండు వాక్యాల్లో తేల్చేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

మొక్కజొన్నలో దీన్ని కంటితోనే చూడవచ్చు. తొలి ఐదారు ఆకుల మీద నీలిఛాయతో మసకగా మైనపు పూత ఉంటుంది, నూగు ఉండదు, నీళ్లు చల్లితే చుక్కలు పూసల్లా దొర్లిపోతాయి. పైన వచ్చే ఆకులు నిగనిగలాడతాయి, వాటికి నూగు ఉంటుంది, నీరు అంటుకుని పరచుకుంటుంది. నడుమ వచ్చే ఒకటి రెండు ఆకుల్లో రెండు రకాల లక్షణాలూ కలిసే కనిపిస్తాయి.

ఈ మార్పును నడిపేది ప్రధానంగా మైక్రో ఆర్‌ఎన్‌ఏ 156. లేత మొక్కలో పుష్కలంగా ఉండి, ప్రౌఢదశకు దారితీసే ఎస్‌పీఎల్ అనే జన్యువులను అణచిపెట్టే ఈ చిన్న అణువు, మొక్క ఎదిగేకొద్దీ తగ్గిపోతుంది. అప్పుడు విడుదలైన ఎస్‌పీఎల్ ప్రోటీన్లు అలాంటిదే మరో చిన్న అణువైన మైక్రో ఆర్‌ఎన్‌ఏ 172ను పెంచుతాయి, అది బాల్య లక్షణాలను నిలిపి ఉంచే గ్లాసీ15 జన్యువును అణచివేస్తుంది. గ్లాసీ15 చెడిన మొక్కల్లో ఆకుల పైపొర ముందుగానే ప్రౌఢంగా మారుతుంది గాని పూత సమయం మారదు. అంటే ఈ రెండు మార్పులనూ కొంతమేర విడదీయవచ్చన్నమాట.

మొక్కజొన్నలోని కార్న్‌గ్రాస్1 అనే ఉత్పరివర్తనానికి (జన్యు మార్పుకు) మూలం మైక్రో ఆర్‌ఎన్‌ఏ 156 అతిగా తయారవడమేనని 2007లో తేలింది. ఆ మొక్క ఎక్కువ పిలకలు వేసి, గడ్డి దుబ్బులా, దీర్ఘకాలం బాల్యంలోనే ఉండిపోతుంది. ఆ కార్న్‌గ్రాస్1 జన్యువును, జీవ ఇంధనానికి పనికొచ్చే స్విచ్‌గ్రాస్ అనే గడ్డిలో ప్రవేశపెట్టినప్పుడు ఆ గడ్డి పూయడం మానేసి కాండంలో పిండిపదార్థాన్ని ఎక్కువగా నిల్వ చేసుకుందని 2011లో వెల్లడైంది. వరిలో ఫలితం దీనికి తలకిందులుగా ఉంది, అక్కడ మైక్రో ఆర్‌ఎన్‌ఏ 156 పట్టు సడలితేనే మేలు. వరిలోని ఎస్‌పీఎల్ జన్యువుల్లో ఒకటైన ఓఎస్ఎస్‌పీఎల్14లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ 156 పట్టుకునే చోట ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారితే చాలు, పిలకలు తగ్గి, కాండం గట్టిపడి, వెన్నుకు గింజలు పెరుగుతాయని 2010లో రెండు బృందాలు వేర్వేరుగా చూపాయి.

స్విచ్‌గ్రాస్‌లో లాభం కనిపిస్తున్నా బాల్యాన్ని పొడిగించడంలో చిక్కు లేకపోలేదు. మొక్కజొన్నలో తుప్పు తెగులును తట్టుకునే శక్తి ప్రౌఢదశతోనే బలపడుతుంది. కార్న్‌గ్రాస్1 మొక్కల్లో ఆ శక్తి రావడం ఆలస్యమవుతుంది. అందువల్ల వంగడాల ఎంపికలో పూత రోజులతో పాటు, మైనపు పూత ఎన్నో ఆకు దగ్గర ఆగిందో కూడా రాసుకోవాలని నా అభిప్రాయం. కింది ఆకులు ఎండి రాలిపోతాయి కనుక ఐదో ఆకు కొన కత్తిరించి గుర్తు పెట్టుకుంటే, తర్వాత లెక్క తప్పదు.