ఆ చిన్న కారుకి అంత పవరెందుకు?

అమలాపురంలో మా మేనల్లుడు తన రిమోట్ కారుకి టూ సెల్ బ్యాటరీ తీసేసి త్రీ సెల్ పెట్టాడు. 7.4 వోల్టులు కాస్తా 11.1. స్పీడు ఒకటిన్నర రెట్లయితే గుద్దినప్పుడు దెబ్బ రెండు రెట్ల పైమాటే. కాలవ గట్టు మీద వదలగానే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. చక్రాలకి పవర్ పంచే డిఫరెన్షియల్‌లో ప్లాస్టిక్ గేరు పళ్లు రాలిపోయాయి. మోటారు ముట్టుకుంటే చురుక్కుమంది. అవి మళ్లీ కొనుక్కోవచ్చు. నన్ను భయపెట్టింది బ్యాటరీ, దిండులా ఉబ్బిపోయింది. ఈ లిథియం పాలిమర్ రకం బ్యాటరీ అలా ఉబ్బితే మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు, మంటలు రావచ్చు. వీడేమో ఛార్జర్ కొబ్బరి పీచు పక్కనే పెడతాడు! ఒరే నాన్నా, ఎన్ని సెల్స్ దాకా తట్టుకుంటుందో మోటారు స్పీడుని అదుపు చేసే ఈఎస్‌సీ మీదే రాసుంటుంది, ముందు అది చూడు. ఆ గట్టు మీద చంటిపిల్లలు కూడా ఆడుకుంటార్రా.