ఎత్తు బంగారం మొక్కి, రెండు ముద్దలతో మేడారం

మా అత్తయ్య తుంటి ఎముక విరిగి మంచం పట్టినప్పుడు, ఆమె లేచి నాలుగడుగులు వేస్తే నిలువెత్తు బంగారం ఇస్తానని మేడారం వనదేవత సమ్మక్కకు మొక్కుకున్నాను. బంగారం అంటే బెల్లమే. తూకంలో ఆమె ఒక పక్క, బెల్లం ఇంకో పక్క. అత్తయ్య లేచింది, వాకర్ పట్టుకుని వాకిలి దాకా వస్తోంది. కానీ బెల్లం కోసం దాచిన డబ్బు ఇంట్లోనే కరిగిపోయింది. వానలకు వంటింటి స్లాబు పెచ్చులూడి సరిగ్గా పొయ్యి మీద పడింది. దాని మరమ్మతు పూర్తి కాకముందే బోరు మోటారు కాలింది.

"మొక్కు బాకీ పెడితే తల్లి ఊరుకుంటుందా?" అని చుట్టాలు గుసగుసలాడారు. ఈ మాట నాకు మొదటి నుంచీ గిట్టదు. సమ్మక్క ఏమైనా గుమ్మంలో కూర్చుని వసూలు చేసే వడ్డీ వ్యాపారా? అత్తయ్య మాత్రం నవ్వి, "ఉన్నదే పట్టుకుపో బిడ్డా, ఇచ్చింది ఆమె, ఆపిందీ ఆమే" అని ఒడిబియ్యం మూట తనే కట్టింది. బియ్యంలో పసుపు కలిపి, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు వేసి, కొత్త రవికె గుడ్డలో ముడివేసింది. వేళ్లు వణుకుతున్నా ఆ ముడి నన్ను వేయనివ్వలేదు.

మాఘ పౌర్ణమి జాతరకు హనుమకొండలో ప్రత్యేక బస్సు ఎక్కాను. మా ఆయన అత్తయ్య దగ్గర ఉండిపోయారు. ములుగు దగ్గర గట్టమ్మకు దండం పెట్టుకుని, పస్రా, తాడ్వాయి మీదుగా అడవిలోకి వెళ్లాం. ఆ దారిలో దుమ్ము తినకుండా మేడారం చేరినవారు ఉన్నారంటే నేను నమ్మను.

జంపన్న వాగులో మునిగి లేచేసరికి ఒళ్లంతా పసుపు, ఇసుక. సమ్మక్క కొడుకు జంపన్న దూకి ప్రాణం విడిచిన సంపెంగ వాగు ఇదే. కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలో, కరువులో కప్పం కట్టలేమన్నందుకు మేడారం కోయల మీదకు సైన్యం వచ్చిపడిందని చెబుతారు. ఆ పోరులో సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు ఒరిగిపోయారు. చివరికి సమ్మక్క ఒక్కతే పోరాడి, వెనక నుంచి పొడిచిన గాయంతో చిలకలగుట్టకు నడిచి మాయమైంది. వెతకబోయినవారికి దొరికింది కుంకుమ భరిణ ఒక్కటే.

చిన్నప్పటి నుంచి వింటున్న కథే. కానీ తడి చీరతో గట్టున నిలబడినప్పుడు నాకు కొత్తగా తోచింది: ఇల్లు మొత్తం పోగొట్టుకున్న తల్లి ఎదుట నా ఇంటి కష్టాలు చెప్పుకోబోతున్నాను. సిగ్గు కాదు, ఒకరకమైన ధైర్యం వచ్చింది. కోల్పోవడం అంటే ఏమిటో తెలియని దేవతకైతే నేను ఇల్లు అప్పగించలేను. ఈమెకు అప్పగించవచ్చు. నిలిపినా కూల్చినా ఆమె చేతిలో ఉండనీ. మెకానిక్‌కు డబ్బు మాత్రం మేమే ఇవ్వాలనుకోండి, అది వేరే సంగతి.

గురువారం సాయంత్రం చిలకలగుట్ట వైపు తుపాకీ పేలింది. గుట్ట దిగుతున్న సమ్మక్కకు ప్రభుత్వం తరఫున పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపి వందనం చేస్తారు. ఇక జనం ఆగలేదు. అమ్మకు ఎదురేగి ఇచ్చే ఎదురుకోళ్లు గాలిలోకి లేచాయి, దేవత పూనే శివసత్తులు పూనకంతో ఊగిపోయారు. కోయ పూజారులు అమ్మను రోప్ పార్టీ (తాడు పట్టి జనాన్ని ఆపే పోలీసులు) మధ్య తీసుకెళ్తుంటే నాకు కనిపించింది తలలే.

మర్నాడు అమ్మలను నిలిపే గద్దెల దాకా చేరాను. విగ్రహం లేదు, వెదురు కర్ర, కుంకుమ. పక్కన ఒకాయన మనవడి ఎత్తు బంగారం బుట్టలకెత్తి తెచ్చాడు. నా దగ్గర రెండు ముద్దలు, అత్తయ్య మూట. మిగతాది వచ్చే జాతరకని చెప్పి గద్దె మీదకు విసిరాను. ఒక ముద్ద గద్దె మీదే పడింది. రెండోది ఎక్కడ పడిందో చూసేలోపు వెనకవాళ్లు నన్ను ముందుకు తోసేశారు.

తిరుగు బస్సు ములుగు చేరాక ఫోనుకు సిగ్నల్ వచ్చింది. మా ఆయన: "దర్శనం బాగా అయిందా? ఇక్కడ నిన్న రాత్రి ఫ్రిజ్ ఆగిపోయింది."

"పాలు విరిగాయా?"

"ఇంకా లేదు."

"అయితే కాచి తోడు వేయమని అత్తయ్యకు చెప్పండి" అన్నాను.