ఫైలు పెట్టని పన్నుకి పగులు

నిన్న సాయంత్రం థీసిస్ బైండింగ్‌కి ఇచ్చొచ్చాను. పంటి వేరు లోపలి సన్నటి గొట్టాన్ని గీకి శుభ్రం చేసే సూదుల్లాంటి పనిముట్లని ఫైళ్లంటాం. మోటారుతో తిరిగే రోటరీ ఫైళ్లతో రూట్ కెనాల్ చేస్తే పంటి వేరులో సన్నటి పగుళ్లు వస్తాయా, చేత్తో తిప్పే ఫైళ్లయితే రావా అన్నది నా టాపిక్.

ఎథిక్స్ కమిటీ పని తొందరగానే అయింది. పళ్లు పోగెయ్యడానికే నాలుగు నెలలు పట్టింది. క్లిప్పులు పెట్టించుకునే పిల్లలకి తీసేసే కింది ప్రీమోలార్లు (కోరపళ్లకీ దవడపళ్లకీ మధ్య ఉండేవి) కావాలి, వేరు తిన్నగా ఉండాలి. క్లినిక్కుల్లో డాక్టర్ని కాదు, అసిస్టెంటు అమ్మాయిని మంచి చేసుకోండి. పీకిన పన్నుని సీసాలో నీళ్లలో వేసి ఉంచేది ఆ పిల్లే. ఒక పెద్ద డాక్టరుగారైతే మాత్రల డబ్బాలో పొడిగా పడేసి ఇచ్చారు. ఊపితే చింతగింజల్లా గలగలలాడాయి. మొహమాటానికి తీసుకున్నాను.

కెనాల్ పని నాకు మంచినీళ్ల ప్రాయం. 40 పళ్లు చేశాను, ఒక్క ఫైలు విరగలేదు. మా బ్యాచ్‌లో ఈ మాట ఇంకెవరన్నా అంటే చూస్తాను.

తర్వాత కొస నుంచి 3, 6, 9 మిల్లీమీటర్ల దగ్గర వేరుని అడ్డంగా బిళ్లలు కోసి స్టీరియో మైక్రోస్కోప్ కింద పెట్టాలి. కెనాల్ చెయ్యకుండా పోలికకి ఉంచుకున్న 20 పళ్లు ముందు చూశాను. ఏడింట్లో పగుళ్లు!

సెమినార్‌లో గైడ్ సారు ఆ స్లైడు దగ్గర ఆపించారు. హౌస్ సర్జన్లంతా ఉన్నారు. "ఏమ్మా, ఫైలు పెట్టకుండానే పగిలిందా? చూపుతో పగలగొట్టావా?" అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ల పేపరులో ముట్టుకోని పళ్లలో గానీ, చేతి ఫైళ్లు వాడినవాటిలో గానీ పగుళ్లే లేవు. అంతకు నెల ముందు అదే హాల్లో ఆ పేపరు గొప్పగా చదివింది నేనే.

రంపం మీద అనుమానపడ్డాను. బ్లేడు మార్చాను, నీళ్ల ధార పెంచాను. ఒక రాత్రి తాజాగా కోసిన బిళ్లని తడి మీదే చూస్తే నున్నగా ఉంది, గీత లేదు. దాన్ని అక్కడే దీపం కింద వదిలేసి టీకి వెళ్లాను. వచ్చి చూసేసరికి బయటి అంచు నుంచి లోపలికి వెంట్రుకంత గీత. నీటిచుక్క వేశాను, పోలేదు. పంటి లోపలి గట్టి పొర డెంటిన్‌లో నీరుంటుంది, ఆరితే ముడుచుకుని చీలుతుంది. నేనేమో ఫొటోల కోసం బిళ్లలన్నీ ఫిల్టర్ పేపరు మీద అప్పడాల్లా ఆరబెట్టాను.

అప్పుడు వెతికితే, 2014లో బ్రెజిల్‌లో డి-డ్యూస్ బృందం పన్ను కొయ్యకుండా మైక్రో సీటీ అనే సూక్ష్మమైన ఎక్స్‌రే స్కాన్‌తో ఫైలుకి ముందూ తర్వాతా చూసిన పేపరు దొరికింది. తర్వాత కనబడిన పగుళ్లన్నీ ముందు నుంచీ ఉన్నవేనట! మరి మా లైబ్రరీలో సీనియర్ల థీసిస్‌లన్నింట్లో ముట్టుకోని పళ్లకి సున్నాయే. వాళ్లకి దొరికిన పళ్లు బ్రహ్మదేవుడు స్పెషల్‌గా చేసి పంపాడు కాబోలు. సున్నా వేసేస్తే ఎవరూ అడగరు, అదీ సంగతి.

మళ్లీ పళ్లు తెచ్చి మొదటి నుంచీ చేశాను. ఈసారి బిళ్ల నీళ్లలోంచి తీసిన వెంటనే ఫొటో, మళ్లీ నీళ్లలోకి. పాత ఏడూ దాచకుండా అనుబంధంలో పెట్టాను. సారు సంతకం పెట్టారు గానీ ఆ రోజు జోకు ఊసెత్తలేదు.

పొద్దున పెద్ద డాక్టరుగారు ఫోన్ చేశారు, ఇంకో డబ్బా నిండిందట, వచ్చి పట్టుకెళ్లమని.