క్రిస్మస్‌ను నేరంగా ఎంచిన దేశం

"ఆ వెలుగు చీకటిలో ప్రకాశించుచున్నది గాని చీకటి దాని గ్రహింపకుండెను" (యోహాను 1:5). క్రిస్మస్‌కు ఈ వచనం చదివినప్పుడల్లా నాకు అల్బేనియా గుర్తొస్తుంది.

గ్రీసుకు పొరుగున, ఏడ్రియాటిక్ తీరాన ఉన్న ఈ చిన్న దేశంలో 1967లో ఎన్వర్ హోజా నడిపిన కమ్యూనిస్టు ప్రభుత్వం చర్చిలను, మసీదులను మూయించింది. ష్కోడర్ నగరంలోని సెయింట్ స్టీఫెన్ కెథడ్రల్ క్రీడామందిరంగా మారింది. ఒక బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చినందుకు ష్టియెఫెన్ కుర్తి అనే కథోలిక గురువును 1971లో కాల్చి చంపారు.

హింస అంతకుముందే మొదలైంది. 1963 డిసెంబర్ 24న క్రిస్మస్ పూజ చేసిన ఫాదర్ ఎర్నెస్ట్ సిమోనిని అరెస్టు చేశారు. మరణశిక్ష వేసి, తర్వాత దాన్ని కఠిన శ్రమగా మార్చారు. గనుల్లో ఏళ్లపాటు పని చేయించారు. విడుదలయ్యాక ష్కోడర్ మురుగు కాలువల్లో పనికి దింపారు. లాటిన్ ప్రార్థనలు కంఠతా వచ్చు కాబట్టి ఆయన జైలులో దివ్యబలిపూజను రహస్యంగా సమర్పించేవారు. పీఠం లేదు, గంట లేదు, పాడేవాళ్లు లేరు. పండుగకు తప్పనిసరి అని మనం అనుకునేవేవీ లేవు. రాజ్యం ఆయన నుంచి అన్నీ లాక్కుంది గానీ, నోటికి వచ్చిన ప్రార్థనను మాత్రం లాక్కోలేకపోయింది. యోహాను రాసిన ఆ మాటకు నాకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం దొరకలేదు. 2016లో పోప్ ఫ్రాన్సిస్ ఆయనను కార్డినల్‌గా నియమించారు.

1990 నవంబరులో, భయం ఇంకా పూర్తిగా వదలకముందే, ఫాదర్ సైమన్ జుబాని ష్కోడర్ శ్మశానవాటికలో బహిరంగంగా పూజ చేశారు. జనం వేలల్లో తరలివచ్చారు.

ఇప్పుడు అక్కడ క్రిస్మస్ జాతీయ సెలవు. కథోలికుల ఈస్టర్‌కూ, ఆర్థడాక్స్ ఈస్టర్‌కూ, ముస్లింల రెండు ఈద్‌లకూ, వసంతకాలపు పండుగ నౌరూజ్‌కూ దేశమంతా సెలవే. ఒకరి పండుగ మరొకరికీ విశ్రాంతి దినం కావడం నాకెంతో నచ్చింది.

సెప్టెంబర్ 5 కూడా సెలవే, మదర్ తెరెసా పేరిట. మన కోల్‌కతా తల్లి అల్బేనియన్ కుటుంబంలో పుట్టారు. అల్బేనియా రాజధాని తిరానాలో ఉండిపోయిన తన తల్లిని చివరిసారి చూసుకోవడానికి కూడా ఆ పాలకులు అవకాశం ఇవ్వలేదు. 1972లో ఆ తల్లి కన్నుమూశారు.

ఈ క్రిస్మస్ పూజలో కుర్తి గారిని, ఆ దేశంలో దాక్కుని ప్రార్థించిన పేరు తెలియని అమ్మలందరినీ తలచుకుందాం.