చిన్న లేత్ మీద గట్టి రాడ్: నా అనుభవం

ఉలులు, కత్తులు పదును పెట్టుకోవడానికి ఇంట్లోనే ఒక బెల్ట్ గ్రైండర్ తయారు చేసుకుంటున్నాను. దాని రోలర్‌కి షాఫ్ట్ కావాలి. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టులో 20 మి.మీ. గైడ్ రాడ్ దొరికింది. అద్దంలా మెరుస్తోంది, ఎక్కడా వంకర లేదు. రెండు చివర్లూ 17 మి.మీ.కి దించితే 6203 బేరింగ్ ఎక్కుతుంది, ఒక్క సాయంత్రం పని అనుకున్నాను. ఇంటికొచ్చి ఆకురాయితో రుద్దితే జర్రున జారిపోయింది. రాడ్ మీద గీత కూడా పడలేదు.

ఇలాంటి రాడ్లకి పైపొర మాత్రమే గట్టిపరుస్తారు. ఒకటి, ఒకటిన్నర మి.మీ. లోతు దాకా గట్టిదనం 60 హెచ్‌ఆర్‌సీ (ఉక్కు గట్టిదనాన్ని కొలిచే స్కేలు) దగ్గర్లో ఉంటుంది, లోపలంతా మామూలు ఉక్కే. అందుకే రాడ్ చివర మధ్యలో గుంట చేసే సెంటర్ డ్రిల్ హాయిగా దిగింది. చిక్కంతా టర్నింగ్‌లోనే, అంటే లేత్ మీద రాడ్‌ని తిప్పుతూ టూల్‌తో పైపైన కోయడంలోనే. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ పెడితే కీచుమని అరిచి, నిమిషం తిరగకుండానే మొన అరిగిపోయింది. దాని గట్టిదనమూ 62, 65 మధ్యే కదా, తనంతటి దాన్ని అదెలా కోస్తుంది?

ఉక్కు కంటే గట్టిదైన కార్బైడ్ ఇన్సర్ట్ (టూల్ కొసకి బిగించే చిన్న కోత పలక) తెచ్చాను. కోసింది గానీ, రాడ్ మీద అలలు అలలుగా చాటర్ (టూల్ వణుకు) గుర్తులు. ఇంకా గట్టిదైన, ఖరీదైన సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) ఇన్సర్ట్ కొనాలేమోనని ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లేత్ నడుపుతున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

“బాబాయ్ గారూ, టూల్ మార్చమంటారా?”

ఫోన్‌లో నా లేత్ ఫొటో చూసి, “టూల్‌కేం అబ్బాయ్, బానే ఉంది. ముందు ఆ మిషన్ ఊగకుండా చూసుకో” అన్నారు.

ఆ మాట విన్నాక నా పని తీరే మారిపోయింది. సీబీఎన్‌కి నిమిషానికి కనీసం 100 మీటర్ల వేగం కావాలి. 20 మి.మీ. రాడ్‌కి అది దాదాపు 1600 ఆర్‌పీఎం. నా చిన్న లేత్ ఆ స్పీడులో వణికిపోతుంది. అందుకే కార్బైడ్‌నే ఉంచి, ముందు మిషన్ ఊగుడు తగ్గించే పని పట్టాను. టూల్ కింద ఉండే జారుడు భాగం, కాంపౌండ్ స్లైడ్, తీసేసి దాని చోట ఇనుప దిమ్మ బిగించాను. జారే భాగాల వదులు తీసే జిబ్ స్క్రూలు టైట్ చేశాను. టూల్ బయటికి 35 మి.మీ. ఉండేది, 12కి తగ్గించాను. ముక్కు రేడియస్ (మొన గుండ్రదనం) 0.8 మి.మీ. ఉన్న ఇన్సర్ట్ తీసి 0.4 పెట్టాను. 400 ఆర్‌పీఎం, రాడ్ రెండో కొసకి ఊతంగా టెయిల్ స్టాక్ సెంటర్, నూనె లేకుండా. ఈసారి ఎర్రగా కాలిన సన్నటి సూదుల్లాంటి పొట్టు రాలింది. కళ్లద్దాలు లేకుండా ఆ దగ్గరికి వెళ్లనే వెళ్లకూడదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. గట్టి పొరలో కోస్తున్నంతసేపూ టూల్ కొద్దిగా వెనక్కి వంగే ఉంటుంది. డయల్ ప్రకారం రావాల్సిన సైజు కంటే రాడ్ 0.2 మి.మీ. లావుగానే ఉంటూ వచ్చింది. మైక్రోమీటర్ 17.30 చూపించింది. మరో 0.10 కట్ ఇచ్చాను, రెండు వైపులా కలిపి 0.20 తగ్గి 17.10 వస్తుందని. సగం దూరంలో కీచు శబ్దం ఆగి గొంతు దిగినట్టు బరబర మంది, సూదుల బదులు చుట్టలు చుట్టుకుంటూ పొట్టు వచ్చింది. గట్టి పొర అయిపోయింది! వంగి ఉన్న టూల్ ఒక్కసారిగా నిటారై లోపలికి దిగింది. కొలిస్తే 16.91. బేరింగ్ వదులుగా ఊగింది. గుండె కలుక్కుమంది.

రాడ్‌లోంచి ఇంకో ముక్క కోసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి 17.6 దగ్గర్నుంచి జాగ్రత్తపడ్డాను. కట్ ఇవ్వకుండా అదే సెట్టింగ్ మీద రెండు మూడుసార్లు టూల్ నడపడం, పొట్టు రావడం ఆగాక కొలవడం, అప్పుడే 0.05 ఇవ్వడం. మరీ 0.02 ఇస్తే గట్టి పొర మీద కోత పడదు, రుద్దుడే, ఎడ్జ్ పాడవుతుంది. శబ్దం మారగానే ఫీడ్ ఆపి టూల్ వెనక్కి లాగాను. మెత్తటి లోహంలోకి వచ్చాక ఇన్సర్ట్‌ని కొత్త మూలకి తిప్పి, డయల్ సున్నా మళ్లీ పెట్టుకున్నాను. అరిగిన మొనతో పెట్టిన లెక్క కొత్త మొనకి పనికిరాదు. భుజం (లావు రాడ్ సన్నబడే మెట్టు) దగ్గర మాత్రం చివరిదాకా గట్టి పొర తగులుతూనే ఉంటుంది, అక్కడ చేత్తో నిదానంగా నడపాల్సిందే.

17.02 దగ్గర ఆపి, సన్న ఎమెరీ పేపర్‌తో 17.00కి తెచ్చాను. రెండో చివరా అంతే, రెండు రాత్రులు పట్టింది. బేరింగ్‌ని బొటనవేలితో నొక్కితే సగం దాకా వెళ్లింది. చెక్క ముక్క ఆనించి సుత్తితో మెల్లగా తట్టాను. టక్కుమని భుజానికి ఆనుకుంది.